వాకిట్లో కట్టిన గోడ

యెహెజ్కేలు మేస్త్రీకి కాగితం మీద ప్లాను గీయడం రాదు. కట్టబోయే ఇంటిని నేల మీద సున్నంతో గీసేవాడు. గీసి, రెండు మూడు రోజులు ఆ స్థలంలోనే తిరిగేవాడు. ఎండ ఎటు కొడుతోంది, గాలి ఎటు నుంచి వస్తోంది, వాన పడితే నీళ్లు ఎటు పారతాయి, అన్నీ చూసుకున్నాకే పునాది తవ్వించేవాడు. నల్లగొండ దిక్కు పల్లె నుంచి భార్య బాలమ్మతో వచ్చి గడ్డిఅన్నారంలో కాపురం పెట్టాడు. అందరితోనూ మెల్లగా మాట్లాడేవాడు, పని దగ్గర మాత్రం మొండివాడు.

పందొమ్మిది వందల అరవై ఆరులో వెంకటనర్సయ్య పటేల్ ఆయన్ని పిలిపించాడు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బెజవాడ రోడ్డు పక్కన పటేల్‌కు జొన్నచేను ఉండేది. రోడ్డు పొడుగునా దుకాణాలు కట్టి కిరాయికి ఇవ్వాలని ఆయన ఆలోచన. ఒట్టి దుకాణాలే కడితే సాయంత్రం తలుపులు వేశాక ఆ చోట మనిషి అలికిడి ఉండదని యెహెజ్కేలు అన్నాడు. ముందు దుకాణాలు, వెనకా పైనా ఇళ్లు, నడుమ అందరికీ ఒకే వాకిలి పెడదామన్నాడు. పటేల్ వారం రోజులు ఆలోచించి సరేనన్నాడు.

చేను నడుమ ఒక పెద్ద రాతిగుండు ఉంది. పటేల్ పేల్చేద్దామంటే మేస్త్రీ ఒప్పుకోక, దాన్ని వాకిట్లోనే ఉంచేశాడు. మధ్యాహ్నం దాటాక దాని నీడ పడేచోట బావి తవ్వించాడు. పడమటి ఎండ ఆగేలా అటు గోడను మందపాటి రాయితో కట్టి, గాలి లోపలికి రావడానికి ఒక సందు వదిలాడు. వాన నీళ్లు వాకిట్లోంచే పల్లానికి పోయేలా కాలువ తీశాడు. ఇల్లు పూర్తయ్యాక తనే అందులో ఒక గది కిరాయికి తీసుకున్నాడు.

ఎనిమిది కుటుంబాలు చేరాయి. మెరక వైపు దర్జీ కొండల్ ఉండేవాడు. ముందు గదిలో కుట్టుమిషన్, వెనక గదిలో తల్లీ, కాలేజీలో చదివే తమ్ముడూ. పల్లం వైపు గుంటూరు నుంచి వచ్చిన వెంకట్రావు, ఆయన భార్య లలితకుమారి. వెంకట్రావు సర్కారు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు ఆయన గుండు మీద కూర్చుని కొండల్ తమ్ముడికి లెక్కలు చెప్పేవాడు. లలితకుమారి వడియాలు పెడితే కొండల్ తల్లి కాకుల్ని తోలేది. అట్లా రెండేళ్లు గడిచాయి.

అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతపడ్డాయి. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే కావాలని పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. కొండల్ తమ్ముడూ వెళ్లాడు. వెంకట్రావు తలవంచుకుని ఆఫీసుకు పోయి వచ్చేవాడు. గుండు మీద ఎవరూ కూర్చోవడం లేదు.

ఎండాకాలంలో ఒక ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. కొండల్ తమ్ముడికి తూటా తగిలింది. దవాఖానలో మూడు రోజులుండి చనిపోయాడు. శవాన్ని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. వెంకట్రావు చేతులు కట్టుకుని నాలుగడుగులు ముందుకు వచ్చాడు. కొండల్ బంధువొకడు అక్కడే ఆగమన్నాడు. ఆయన వెనక్కి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపలి నుంచి ఆయన ఏడుపు వినబడింది. కొండల్ ఆ వైపు తల తిప్పలేదు.

పదో రోజున వెంకట్రావు తలుపు మీద రాళ్లు పడ్డాయి. ఎవరు వేశారో తెలియలేదు. పటేల్ హడలిపోయి వచ్చి, మెరక ఇళ్లకూ పల్లం ఇళ్లకూ నడుమ, వాకిలికి అడ్డంగా గోడ కట్టమన్నాడు.

"గోడ కడితే గాలి రాదు పటేలా. నీళ్లు గూడ పోవు," అన్నాడు యెహెజ్కేలు.

"గాలి లేకుంటే ఉడుకపోస్తది, గంతే. రేపు ఎవడన్న నిప్పు పెడితే ఎట్ల? నువ్వు కట్టకుంటే ఇంకో మేస్త్రీని దెస్త."

ఇంకొకడు వస్తే కాలువ కూడా పూడ్చేస్తాడని యెహెజ్కేలు తనే తాపీ పట్టాడు. ఐదు రోజులు కట్టాడు. మూడో రోజు లలితకుమారి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఈ గోడ మా కోసమా మేస్త్రీ గారూ, వాళ్ల కోసమా?" అని అడిగింది.

"నాకు తెల్వదమ్మా," అన్నాడాయన.

అడుగున నీళ్లకు మూడు కంతలు, పైన గాలికి ఒక వరస కంతలు వదిలాడు. వారం తిరక్కుండానే పై కంతల్లో రెండు వైపుల నుంచీ బట్టపేలికలు కుక్కారు. అడుగు కంతల్ని పల్లం వైపు వాళ్లెవరో మట్టితో మూసేశారు. యెహెజ్కేలు తీస్తే మళ్లీ మూశారు.

తొలకరి వాన ఒక మధ్యాహ్నం ఆగకుండా కురిసింది. నీళ్లు గోడకు తగిలి వెనక్కి తన్ని కొండల్ ఇంట్లోకి వచ్చాయి. యెహెజ్కేలు గడ్డపార తెచ్చి మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుని కంతలు పొడుస్తుంటే, అవతల నుంచి ఎవరో చేత్తో మట్టి లాగుతున్నట్టు తెలిసింది. ఎవరని అడిగాడు.

"నేనేనండీ, వెంకట్రావుని."

ఇద్దరూ కలిసి మూడు కంతలూ తెరిచారు. నీళ్లు తీశాయి గానీ అప్పటికే చనిపోయినవాడి పుస్తకాల పెట్టె మునిగిపోయింది. కొండల్ తల్లి ఒక్కో పుస్తకం తీసి చూసింది. లెక్కల నోటుబుక్కులో సిరా అంతా కరిగిపోయింది. ఆమె దాన్ని అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పై నెలలో వెంకట్రావు కుటుంబం ఇల్లు ఖాళీ చేసి సికింద్రాబాద్ వెళ్లిపోయింది. వాళ్ల సామాను బండి ఎక్కించడానికి యెహెజ్కేలు తప్ప ఎవరూ రాలేదు.

డెబ్బై రెండు నాటికి ఊరు సద్దుమణిగింది. యెహెజ్కేలు పటేల్‌ను ఎట్లాగో ఒప్పించి, గోడ కూల్చడానికి పలుగు తీసుకుని వెళ్లాడు. గోడకు మెరక వైపున, నడిమధ్యన, కొండల్ తన తమ్ముడి ఫోటో తగిలించి ఉంచాడు. పైన చిన్న రేకు కప్పు, కింద దీపం పెట్టే గూడు. కొండల్ మిషన్ దగ్గర నుంచి లేచి వచ్చి పలుగు వంక చూశాడు. కోపం చేయలేదు.

"మా అమ్మ పొద్దుందాక గీడనే కూసుంటది మేస్త్రీ. వాడితోని మాట్లాడుతది. గోడ తీస్తే ఆమె యాడ కూసోవాలె?"

యెహెజ్కేలు పలుగు భుజాన వేసుకుని తిరిగి వచ్చేశాడు. బాలమ్మ ఎంత చెప్పినా ఆ రోజు అన్నం ముట్టలేదు.

తర్వాత ఆయన ఆ ఇంట్లో ఉండలేక కర్మన్‌ఘాట్ వైపు మారాడు. ఎల్‌బీ నగర్ దాకా కాలనీలు లేస్తున్న కాలం, పనికి కొదవ లేదు. స్థలం వాళ్లు ఇంజనీరు ప్లాను తెచ్చి ఇస్తే ఉన్నది ఉన్నట్టు కట్టి ఇచ్చేవాడు. ఏనాడైనా ఎవరైనా, మీరేమంటారు మేస్త్రీ అని సలహా అడిగితే, మీ ఇష్టం అనేవాడు.