బాంబర్‌లో పోయిన నాన్న

డాలస్ నుంచి బెంటన్‌విల్ ఆఫీస్‌కి వెళ్తున్నాను. ఫ్లైట్‌లో పక్క సీటు ముసలావిడ, నాది ఇండియా అని తెలిశాక, "మా నాన్న మీ దేశంలోనే పోయాడు," అంది.

రెండో ప్రపంచయుద్ధంలో ఆయన ఒక బాంబర్ విమానంలో, తోక దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునేవాడట. ఆ విమానం బెంగాల్ నుంచి వెళ్లి బర్మాలో వంతెనల మీద బాంబులు వేసేది. తూట్లు పడి వస్తే రేకు అతికించి మళ్లీ పంపేవారు. ఒక వానాకాలం తిరిగొస్తూ, మబ్బుల్లో దారి తప్పి మణిపూర్ కొండల్లో కూలిపోయింది. అప్పటికి ఈవిడ తల్లి కడుపులో ఉంది.

"ఇన్నేళ్లకు దొరికాడు. ఇదే ఫ్లైట్‌లో, కింద ఉన్నాడు. కొత్త యూనిఫాం కూడా కుట్టించారు," అంది.

"ఏం దొరికింది?" అని మెల్లగా అడిగాను.

"చేతి ఎముక ఒకటి. విమానంలో మిగతావాళ్లది అదీ దొరకలేదు."

ఒక్క ఎముకకి యూనిఫాం ఎందుకో నాకు అర్థం కాలేదు. మనం అస్థికలు చిన్న ముంతలో పట్టుకెళ్లి నదిలో కలిపేస్తాం.

ల్యాండ్ అయ్యాక, ఆవిడ దిగేదాకా ఎవరూ లేవొద్దని కెప్టెన్ చెప్పాడు. విమానం ఆగకముందే బ్యాగులు దించే మనవాళ్లు కూడా కదల్లేదు.

కిటికీలోంచి చూశాను. జెండా కప్పిన నిలువెత్తు శవపేటిక దిగింది. లోపల నిండు మనిషి ఉన్నట్టే ఆరుగురు సైనికులు బరువుగా మోశారు. ఆవిడ దగ్గరకెళ్లి జెండా మీద చెయ్యి వేసింది. తర్వాత ఆ చేతిని కొంచెం పక్కకి జరిపింది. మళ్లీ జరిపింది. తండ్రి చెయ్యి ఎక్కడుంటుందో వెతుకుతోంది.