ఏడు ఊపిర్లు

ఉదయం ఆరుంపావుకి తణుకులో రాజమండ్రి బస్సు కదిలింది. ఆ రోజు అక్కకి ఆపరేషను. పక్క సీటులో ఉన్నావిడ మత్తు డాక్టరని మాటల్లో తెలిసి, మనసులో ఉన్నది అడిగేశాను.

"మత్తిచ్చాక నోట్లోంచి వేసే ఊపిరి గొట్టం పొరపాటున కడుపులోకి పోతే ఏంటండి?"

"ఒక్కోసారి పోతుందండి. అందుకే చూసుకుంటాం," అని ఆవిడ కిటికీ అద్దం మీద ఊదారు. "గొట్టంలో ఇలా ఆవిరి కనిపించినా నమ్మం. ఛాతీలో చప్పుడు విన్నా చాలదు. వదిలిన ఊపిరి స్క్రీను మీద గీతగా రావాలి, వరసగా ఏడుసార్లు. రాకపోతే గొట్టం తీసేస్తాం." ఆ గీత ఎలా ఉంటుందో అద్దం మీద గీసి చూపించారు. "అవి లెక్కపెట్టడానికి మేమున్నాం. మీరు టిఫిను చేయండి."

ఆపరేషనయ్యింది, అక్క బాగానే ఉంది. నా భార్య నిద్రలోనే పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు పడుకున్నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. ఇప్పుడు చూడడం లేదు.