గంగవ్వ మరగబెట్టిన నీళ్లు

బోధన్ చెరకు తోటలో కత్తి తగిలి గంగవ్వకు ఎడమచేతి రెండు వేళ్లు తెగిపోయాయి. నిజామాబాద్‌లో ఒక చిన్న క్రైస్తవ మిషనరీ ఆస్పత్రిలో పదిహేను రోజులు పడుకుంది. గాయం మానింది గాని చెరకు కొట్టడానికి ఇక ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు. హెడ్ నర్సు సుమిత్రమ్మ జాలిపడి సామాన్లు మరగబెట్టే గదిలో పని ఇప్పించింది. అది 1957.

పన్నెండేళ్లు ఆ గది గంగవ్వదే. ఆపరేషన్ కత్తులు, కత్తెరలు, గాజు సిరంజీలు పెద్ద గిన్నెలో వేసి స్టవ్వు మీద మరగబెట్టేది. మొద్దుబారిన సూదులు సానరాయి మీద నూరి, మొనను దూది మీద లాగి చూసేది. ఒక్క పోగు అంటుకున్నా మళ్లీ నూరేది. కొత్త నర్సులకు సూది పట్టుకోవడం ఆమే నేర్పింది.

1969 వానాకాలంలో ఆవిరి మిషన్ వచ్చింది. సామాన్లు లోపల పెట్టి తలుపు బిగిస్తే చాలు, వేడి అదే చూసుకునేది, టైము కాగానే అదే గంట కొట్టేది. దాన్ని నడపడానికి ఏసుదానం అనే ఆయన్ను పెట్టుకున్నారు. ఆయన చాలా ఏళ్లు ఆవిరి ఇంజన్ల దగ్గర పనిచేసినవాడు. ఆయన్ను అందరూ టెక్నీషియన్ అన్నారు. గంగవ్వను బట్టలు మడిచే బల్ల దగ్గరికి మార్చారు.

"నాకు గూడ నేర్పరాదు, తమ్మీ," అని ఒకరోజు అడిగింది.

"అంకెలు సదవరావాలె అక్క. మిషన్ మీది ముల్లు ఎర్రగీత దాటిందంటే పాణానికే మోసం," అన్నాడు ఏసుదానం. ఎగతాళి చేయలేదు. ఉన్నమాటే చెప్పాడు.

ఆ గది పని పోయిన బాధ ఒక్కటే అయితే ఆమె ఓర్చుకునేదే. కాని చలికాలంలో ఆస్పత్రి డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. మిషన్ వచ్చాక ఆపరేషన్ అయిన ఒక్కరికీ గాయం చెడలేదని చెప్పింది. "ఉత్త నీళ్లలో ఎంతసేపు మరగబెట్టినా ధనుర్వాతం క్రిమి చావదు. దానికి ఈ ఆవిరే కావాలి," అంది. అందరూ సంతోషించారు. గంగవ్వ మాత్రం బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

ఏర్గట్ల ఈరవ్వ గుర్తొచ్చింది. పదేళ్ల కింద కడుపులో గడ్డ తీయించుకుని, ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుపోయి చనిపోయిన మనిషి. ఆ కత్తులు మరగబెట్టింది తానే. ఆమె కాళ్లు ఒత్తుతూ కూర్చున్నదీ తానే.

సాయంత్రం సుమిత్రమ్మను నిలదీసింది. "నీళ్లతోని సావదని మీకు ముందే తెలుసా, అమ్మా?"

సుమిత్రమ్మ లేచి గది తలుపు మూసింది. "తెలుసు గంగవ్వా. మిషన్ తెచ్చే దిక్కు లేకుండె. ఉన్నదాంతోనే చేసినం."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తుంటివి?"

గంగవ్వ తిరిగి బట్టల బల్ల దగ్గరికి పోయింది. వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాతి ఆదివారం చర్చికి పోకుండా ఏర్గట్ల బస్సెక్కింది.

ఈరవ్వ భర్త సాయన్న పొలంలో పసుపు కొమ్ములు ఉడకబెడుతున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చానంటే నీళ్లిచ్చి కూర్చోమన్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన కొప్పెర కింద మంట తగ్గించి, గట్టు మీద చతికిలబడ్డాడు.

"నేనే ఆలస్యంగ తెచ్చిన అనుకుంటున్న. పదేండ్ల సంది గదే అనుకుంటున్న," అన్నాడు.

"నీ తప్పు గాదన్నా."

"గప్పుడే ఆ మిషన్ ఉంటే బతుకుతుండెనా?"

అబద్ధం ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. "బతుకుతుండెనేమో," అంది.

సాయన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నా మీది బరువు దించినవు. గని ఇప్పుడెవల మీద కోపం జెయ్యాలెనో తెలుస్తలేదు. నీ మీద జేద్దామంటే నిన్ను జూస్తే మనసొప్పుతలేదు." తువ్వాల భుజాన వేసుకుని అడిగాడు, "ఇట్లనే ఇంకెవలకన్న చెప్పేదున్నదా?"

"ధర్పల్లిల ఒకలున్నరు."

ధర్పల్లికి మరుసటి ఆదివారం పోయింది. ఈరవ్వలాగే ఆపరేషన్ తర్వాత చనిపోయినవాడి తల్లి ఆమె మాట పూర్తిగా విననే లేదు. వాకిట్లో దుమ్మెత్తి పోసింది. చుట్టుపక్కల వాళ్లు గుమిగూడారు. గంగవ్వ ఎదురు చెప్పలేదు, పరుగెత్తలేదు. ఆ ముసలమ్మ అరిచి అరిచి అలసిపోయేదాకా నిలబడి, కొంగు దులుపుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చింది.

సోమవారం పొద్దున ఆస్పత్రిలో నాలుగు ఆపరేషన్లు ఉన్నాయి. మడవాల్సిన బట్టలు బల్ల నిండా పడి ఉన్నాయి. గంగవ్వ పైనున్నది అందుకుని మడవడం మొదలుపెట్టింది.