చెవులమ్మ విన్న డిస్కు చప్పుడు

ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల పట్టికలో తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆవిడ చెవులమ్మ. పక్షులు, కప్పల గొంతులు రికార్డు చేసే ఆ కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా రికార్డింగులు భద్రపరిచేది ఆవిడే. ఏది ఏ కప్పో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. టైలరు పని చేసే మొగుడు మాత్రం ఒప్పుకోడు. "నేను మూడుసార్లు పిలిచినా పలకదు గానీ, మైలు దూరంలో కప్ప దగ్గితే వినేస్తుంది" అంటాడు ఆ టైలరు.

ఆ సోమవారం ఎవరికీ నవ్వు రాలేదు. ఊరి అంచున ఉన్న మడుగును పూడ్చి గోదాము కడతామని ఓ కంపెనీ పట్టుబట్టింది. అక్కడ అరుదైన చిట్టికప్ప బతుకుతోందని శుక్రవారం విచారణలో రుజువు చూపిస్తేనే మడుగు మిగులుతుంది. ఆరు రికార్డర్లు అరవై రోజులు తిరిగాయి. నిమిషానికో ఫైలు చొప్పున ఐదు లక్షల పైచిలుకు. అందులో కప్ప గొంతు వెతకమంటే, కంప్యూటర్ పందొమ్మిది రోజులు పడుతుందని చూపించింది.

"ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉందక్కా. అయినా నత్తనడకే. ప్రోగ్రాం రెండుసార్లు తిరగరాశాను" అన్నాడు ఇంజనీరు తల పట్టుకుని.

చెవులమ్మ ఫ్యాను ఆపించింది. కుర్చీ లాక్కుని డిస్కు పెట్టెకి చెవి ఆనించింది.

"మామూలుగా అయితే సన్నగా, ఒకే తీరుగా గుర్రుమనాలి బాబూ. ఇది కటకటలాడిపోతోంది. అన్ని ఫైళ్లూ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి కదా, ఒక్కోటి వెతకడానికే దీని ప్రాణం పోతోంది. పైగా చదివేదీ ఇందులోంచే, ఫలితం రాసేదీ ఇందులోకే."

"అన్నీ ఒకేచోట పోసిందెవరు?" అన్నాడు డైరెక్టరు.

అది ఆవిడ పనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ క్యాసెట్ వేరే అరలోకి పోయి ఏడాదిపాటు దొరకలేదు. అప్పట్నించీ ఏదైనా ఒక్కచోటే ఉంచుతానని ఒట్టు పెట్టుకుంది. ఆ తర్వాత ఒక్కటీ పోలేదని ఆవిడకి ఎంత గర్వమో. ఆ గర్వం మింగడానికి ఆవిడకి కాస్త టైము పట్టింది.

"నేనేనండి. నాదే తప్పు."

రోజుకో ఫోల్డరు చేసి, ఫలితాలకి వేరే డిస్కు పెట్టారు. ఒక్క ఫైలూ జారిపోకుండా ఆవిడే దగ్గరుండి లెక్క సరిచూసింది. మంగళవారం సాయంత్రం మళ్లీ మొదలుపెడితే డిస్కు సన్నగా గుర్రుమంది. గురువారం మధ్యాహ్నానికి చిట్టికప్ప దొరికింది. నలభై ఒక్క రోజులు అరిచింది, బంగారుతల్లి.

విచారణలో కంపెనీ లాయరు నిలదీశాడు. "ఇన్ని లక్షల ఫైళ్లు అటూ ఇటూ మార్చారట. ఏదీ పోలేదని నమ్మేదెలా?"

డైరెక్టరు లేచాడు. "వీటిని చూసుకునేది ఈవిడండి. ఎవరూ కనిపెట్టలేని తన తప్పు తనే బయటపెట్టిన మనిషి. ఆవిడ పోలేదంటే పోలేదనే."

మడుగు పూడ్చడానికి వీల్లేదని విచారణ జరిపిన అధికారి అక్కడికక్కడే చెప్పేశాడు.

కొట్టు మూసేసి వచ్చి చివరి బెంచీలో కూర్చున్న టైలరు పక్కాయన చెవిలో గుసగుసగా అన్నాడు, "మా ఆవిడండి."

ముందు వరసలోంచి ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.