అచ్చియ్యమ్మ అటక ఎక్కిన వైనం

అచ్చియ్యమ్మకి అటకంటే ప్రాణం. చోడవరంలో ఆవిడ పెంకుటింటికి కిందనున్నవి ఒక గదీ, చిన్న వంటింటి చావడీ, వీధి అరుగూ. పైన దూలాల మీద చెక్కలు పరిచిన అటక మాత్రం గదంత వెడల్పు. ఇంట్లో ఏ వస్తువు పాతబడినా అటక ఎక్కవలసిందే. ఎక్కినది దిగగా చూసినవాళ్లు లేరు. విరిగిన ఉయ్యాల, అడుగూడిన గంపలు, ఎన్నడో అమ్మేసిన ఎడ్ల మెడగంటలు, నాలుగు కొబ్బరి చిప్పల బస్తాలు. "ఎప్పుడో అప్పుడు పనికొస్తాదిరా" అనేది ఆవిడ. ఆ ఎప్పుడో మాత్రం ఇరవై ఏళ్లుగా రాలేదు.

కొడుకు సత్యారావు చెరుకు పండిస్తాడు. తాటిచెట్టంత మనిషి. కోడలు చిన్నతల్లికి ముగ్గురు పిల్లలు. పంతొమ్మిదివందల యాభైఆరు వేసవికి మళ్లీ ఆరో నెల. పిల్లలు గదినిండా అడ్డదిడ్డంగా పడుకుంటే, అచ్చియ్యమ్మ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకునేది. సత్యారావుది అరుగు. వాన పడితే లోపలికొచ్చి, నడుం వాల్చే చోటు లేక, గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాడు.

అటక ఖాళీచేసి గదిగా మార్చుకుందామని రెండుసార్లు అడిగేడు పాపం. "సామాన్లెక్కడెట్టమంటావు, నా నెత్తి మీదా?" అంది తల్లి. మాట అక్కడితో ఆగిపోయింది.

ఒకరోజు పొద్దున్న చద్దన్నం తింటూ సత్యారావు తలెత్తకుండా అన్నాడు. "అమ్మా, వడ్డాదిలో ఓ ఇల్లు కాళీగా ఉన్నాదంట. అద్దెకి సూసొస్తాను."

అచ్చియ్యమ్మ ఒక్క మాటా అనలేదు. ఆవిడ నోటికి పని చెప్పకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. కోడలు కంగారుపడి మంచినీళ్లిచ్చింది.

మధ్యాహ్నం సత్యారావు పొలం నుంచి వచ్చేసరికి, వడ్రంగి పెదబాబు అటక మీద వంగి కొలతలు తీస్తున్నాడు. కింద నిలబడి అచ్చియ్యమ్మ పురమాయిస్తోంది.

"మా సత్తిగాడికి ఆలోసన తక్కువ బాబూ. ఇంత అటక పెట్టుకుని అద్దిల్లంటాడు! నాను ఎప్పట్నించో అనుకుంతన్నాను, దీన్ని గది సేయిస్తే ఎంత బాగుంటాదీ అని."

సత్యారావు భార్య వైపు చూశాడు. చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెదబాబు మంచి పనివాడు. "నడిమధ్యన మనలాటోళ్లం నిలబడొచ్చు గానీ, చూరు వేపు కూకోవాల్సిందే. చెక్కలు ఓ మూర కిందకి దింపితే సత్యారావు తలకి కప్పు దూలం తగలదు" అన్నాడు.

"దింపితే కింద గది కుక్కగూడైపోదేటి?" అంటూ అచ్చియ్యమ్మ నిచ్చెనెక్కి, అటక మీద నిటారుగా నిలబడింది. "సూడు, నాకు తగిలిందా?"

ఆవిడ నాలుగున్నర అడుగులకి మించదు. "మీకెలా తగుల్తాదమ్మా" అన్న మాట పెదబాబు గొంతులోనే మింగేసి, చెక్కలు ఉన్నచోటే ఉంచేశాడు.

మర్నాడు సామాన్లు దింపడం మొదలైంది. పెరడు నిండింది, అరుగు నిండింది, ఆఖరికి వీధిలో కూడా పెట్టేరు. ఎదురింటి నరసమ్మ ఏదో సంబరమనుకుని చూడ్డానికొచ్చి, ఒక రాగి కాగు ముందు ఆగిపోయింది.

"ఒసే అచ్చియ్యమ్మా! ఇది మా కాగు కాదేటే? తొమ్మిదేళ్ల కిందట మీ సత్తిగాడి పెళ్లికి తెచ్చేవు! నాను దొంగలెత్తుకుపోయేరనుకున్నాను!"

అచ్చియ్యమ్మ ఒక్క క్షణమే తడబడింది. "నీదేనే. నీ ఇంట్లో ఉంటే ఈపాటికి సొట్టలు పడిపోయుండేది. సూడు, ఎంత సక్కగా దాసేనో!"

నరసమ్మకి తిట్టాలో దండం పెట్టాలో తెలియక కాగు చంకనెట్టుకుని వెళ్లిపోయింది.

ఒక మూల గుడ్డలో చుట్టిన, పోయిన భర్త కిర్రుచెప్పులు కనపడ్డాయి. ఆయన వీధి మలుపులో ఉండగానే ఆ చప్పుడు వినిపించేది. ఆవిడ వాటిని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. తరవాత కళ్లు తుడుచుకుని లేచి, "ఆ బస్తాలు అక్కడ కాదురా, అటేపు!" అని కేకేసింది.

సామాన్లన్నీ పెరట్లో వేసిన తాటాకు పాకలోకి చేరేయి. ఇరవై రోజుల్లో గది తయారైంది. వెలుగుకి కప్పులో రెండు గాజు పెంకులు, పడమటి గోడకి చిన్న కిటికీ, నిచ్చెన స్థానంలో చెక్కమెట్లు. అచ్చియ్యమ్మ కోడలిచేత మెట్లకి పసుపూ కుంకుమా పెట్టించి, కొడుకునీ కోడల్నీ పైకెక్కమంది.

సత్యారావు ఎక్కి, ఆనందంగా లేచి నిలబడ్డాడు. దూలం ఠంగుమంది. వంగి రెండడుగులు వేసి మరచిపోయి లేచాడు. మళ్లీ ఠంగు.

చిన్నతల్లి నాలుగు మెట్లెక్కి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆగింది. "అత్తా, ఎక్కమంటే ఎలాగో ఎక్కుతాను. దిగడం నా వల్ల కాదు."

గది కట్టించింది వాళ్ల కోసం. వాళ్లిద్దరికీ అది పనికిరాలేదు. వీధివీధంతా చూసిపోయిన గది ఖాళీగా ఉంటే పరువేం కావాలి? అచ్చియ్యమ్మ రెండ్రోజులు గుంజాటనపడి, మూడోనాడు తన చాప చంకన పెట్టుకుని మెట్లెక్కింది. ఆవిడకి దూలం కింద కూడా తల వంచనక్కర్లేదు. కిటికీలోంచి కొండగాలి వచ్చింది. మర్నాటికి పిల్లలు ముగ్గురూ మామ్మ దగ్గరే పడుకుంటామని పైకి చేరిపోయారు. పెళ్లయిన తొమ్మిదేళ్లకి సత్యారావు, చిన్నతల్లి కింద గదిలో కాళ్లు బారజాపుకున్నారు.

నరసమ్మ కాగు కసి తీర్చుకోడానికి ఇదే అదననుకుంది. "ఏటే, ముసిల్దాన్నని నిన్ను అటకెక్కించీసేరంట కదా!"

"ఎవలూ ఎక్కించలేదే, నానే ఎక్కేను. మేడ మీద గది పెద్దోలికి కాక ఎవలికిస్తారు?"

అప్పట్నించి ఆ ఇంట్లో అటక అన్న మాట వినపడలేదు. శ్రావణమాసంలో చిన్నతల్లికి ఆడపిల్ల పుట్టింది. బాలింతకి నెల వెళ్లేదాకా కిందే ఉంటానని అచ్చియ్యమ్మ చాప దింపుకుంది గానీ, పన్నెండోనాడే ఆవిడకి ఉండబట్టలేదు.

"పసిగుంట బాగానే ఉన్నాది. నీకూ ఒంట్లో కులాసాగానే ఉన్నాది" అంది కోడలితో. "నాను పొద్దున్నే దిగుతాను."

అని చాప చుట్టుకుని, మనవల్ని ముందు నడిపించుకుంటూ మేడెక్కింది.