మరిది పేరుతో పలకరింపు

మా అత్తగారింట్లో ‘వేరు’ అన్న మాట ఎవరూ అనరు. తిమ్మాజిపేట పొలం పంచుకుని వేరుపడ్డాక మామగారూ ఆయన అన్నా ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అప్పటినుంచి వనపర్తిలో ఈ ఇంట్లో ఏదీ ఒకరిది కాదు. బీరువా అందరిదీ, ఫోన్ల పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. ఆఖరికి నా సబ్బు కూడా నాది కాదు. కొత్తలో నవ్వుకునేదాన్ని, తర్వాత తర్వాత ఒళ్లు మండేది.

నేను హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటినుంచే పనిచేస్తాను. పత్తి విత్తనాల వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. మా మరిదిదీ ఇదే చదువు, గద్వాలలో చిన్న ఆఫీసులో ఉద్యోగం. ఈమధ్య నేను వారం సెలవు పెట్టి శ్రీరంగాపూర్‌లోని పుట్టింటికి బయల్దేరే ముందురోజు అతను వచ్చాడు. తన ల్యాప్‌టాప్ పాడైందంటూ నా దానిమీద సాయంత్రందాకా ఏదో చేసుకున్నాడు. కాదంటే అత్తమ్మ ముఖం ముడుచుకుంటుంది. పుట్టింట్లో నేను ఆ ల్యాప్‌టాప్‌ను సంచిలోంచి తీయనే లేదు.

తిరిగొచ్చి పనిలో కూర్చుంటే కంపెనీ సర్వర్ నా కోడ్ తీసుకోనంది. నేనెవరినో చెప్పమని ఒక కమాండ్ కొట్టాను. నమస్కారం అంటూ జవాబొచ్చింది, మరిది పేరుతో. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే పేరు.

వెతికితే కారణం దొరికింది. కోడ్ దాచే సైట్‌లో ఎవరి ఖాతాకు వాళ్ల ఎస్‌ఎస్‌హెచ్ కీ, అంటే రెండు సగాల తాళంచెవిలాంటి ఫైలు, ఉంటుంది. అందులో రహస్యంగా ఉండాల్సిన సగం మన ల్యాప్‌టాప్ దాటకూడదు. మరిది తన కీని నా ఫోల్డర్లోనే పెట్టి వదిలేశాడు, మెషీన్ ముందు దాన్నే చూపిస్తోంది. కాన్ఫిగ్ ఫైల్లో ఏ ఖాతాకు ఏ కీ వాడాలో విడివిడిగా రాసి, రాసినదాన్ని తప్ప ఇంకోదాన్ని చూపించొద్దని ఒక వరుస చేర్చాను. ఈసారి నా పేరుతో పలకరించింది. టీ పెట్టుకుందామని లేచాను కూడా.

ఎందుకో మనసొప్పక, కంపెనీ ఖాతాలో కీల పేజీ తెరిచాను. నా కీ పోయిన వారమంతా వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది. సంచిలో మూసి ఉన్న ల్యాప్‌టాప్‌లోని కీ అది. కీ ఇంకొకరి చేతికి పోయిందని తెలిసీ చెప్పకపోతే ఉద్యోగం ఉండదని చేరినరోజే మాచేత సంతకం పెట్టించుకున్నారు. నాకు నిజంగా భయమేసింది. కొత్త కీ చేసుకుని పాతదాన్ని తీసేశాను. మేనేజరుకు ఒకసారి ఫోన్ చేయమని మెసేజ్ పెట్టాను, కారణం మాత్రం రాయలేకపోయాను.

ముందు మోగింది గద్వాల నుంచి.

“వదినా, మీ కంపెనీది తెరుచుకుంటలేదు. జర మళ్ల తెరువరాదు, సార్ అడుగుతుండు.”

ఏ సార్ అని అడిగాను.

“మా సారే. విత్తనాలోళ్లకు మేం గూడ గసొంటిదే చేస్తున్నం గద, మీ దాంట్ల చూసుకుంట రాస్తున్నం. మొన్న కీలున్న మీ ఫోల్డరంత పెన్‌డ్రైవ్‌ల ఏసుకొచ్చిన. ఇంట్ల దానికి అడుగుడేందని చెప్పలే.”

అతని గొంతులో దొంగతనం లేదు. ఉంటే తిట్టి ఊరుకునేదాన్నేమో. ఈ ఇల్లు నేర్పినట్టే చేశాడు. ఇప్పుడు చెబితే అతనిమీద కేసు, చెప్పకపోతే నా ఉద్యోగం.

“ఇగ నీది వేరు, నాది వేరు,” అని ఫోన్ పెట్టేశాను.

వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు ఆగింది. అత్తమ్మ పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎవలు వేరైండ్రు?” అంది మెల్లగా.

అంతలో మేనేజరు ఫోన్. మోగీ మోగీ ఆగిపోతుందేమో అన్నట్టు అత్తమ్మ దానివైపే చూస్తోంది. ఎత్తాను. ఆమె ముందే, మరిది పేరు చెప్పాను.