ఎవరు వద్దన్నారు

మా అక్క బస్సు కండక్టరు. పద్నాలుగేళ్లుగా అదే ఉద్యోగం, అదే రూటు. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరి కాలూ తొక్కకుండా వెళ్లి వచ్చేది. ఇప్పుడు అలా వెళ్లలేకపోతోంది. అండాశయంలో నీటిగడ్డ పెరిగి, పొట్ట నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చింది. టిక్కెట్ల సంచి ఎటు తగిలించుకున్నా గడ్డకే ఒరుసుకుంటుంది. అందుకని ముందు తలుపు దగ్గరే నిలబడి కేకేస్తుంది, జనం చేయీ చేయీ మార్చి చిల్లర అందిస్తారు.

జనం మంచివాళ్లే. ఆ మంచితనంతోనే ఆమె ప్రాణం తీశారు. చూడగానే లేచి సీటిచ్చేవాళ్లు కొందరు, ఎన్నో నెలని అడిగేవాళ్లు కొందరు, మగపిల్లాడేనని తేల్చేసేవాళ్లు కొందరు. మొదట్లో అక్క ఓపిగ్గా గడ్డ అని చెప్పేది. చెబితే వాళ్ల పిన్నత్తగారి గడ్డ కథ మొదలయ్యేది, స్టాపు దాటిపోయేది. చివరికి విసుగెత్తి పదిహేనో నెల అనడం మొదలుపెట్టింది. ఒకావిడ అది నిజమేననుకుని జాగ్రత్తలు కూడా చెప్పిందట.

ఇంటికొచ్చి నవ్వుకునేవాళ్లం గానీ, నాకు లోపల భయమే. డాక్టరమ్మ స్కాను చూసి, ఇవాళ్టికివాళ తొందరేం లేదు, ఆపరేషను మాత్రం తప్పదు, ఈలోగా గడ్డ మెలితిరిగితే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పింది. పేరు జాబితాలో రాసి, వంతు రాగానే ఫోన్ చేస్తామన్నారు. డ్యూటీలో కండక్టర్ల ఫోన్లు డిపోలో, డ్యూటీలు వేసే కంట్రోలర్ సొరుగులో ఉంటాయి, అది రూలు. నేనేమో బడిలో పాఠం చెబుతూ ఫోనెత్తను. అందుకని అక్క డిపో నంబరే ఇచ్చింది. కబురొస్తే చెప్పమని కంట్రోలర్‌ని బతిమాలుకుంది. ఆయన అలాగేనమ్మా అన్నాడు.

నెల గడిచింది, రెండు గడిచాయి, ఐదు గడిచాయి. అక్క బోర్లా పడుకోవడమే మరిచిపోయింది. చెప్పుల పట్టీ నేనే పెట్టేదాన్ని. నాలుగు ముద్దలకే ఊపిరాడటం లేదని లేచిపోయేది. రోజూ డ్యూటీ దిగగానే కంట్రోలర్ కిటికీ దగ్గర నిలబడి ఫోనొచ్చిందా అని అడిగేది. రాలేదమ్మా అనేవాడు. ఆసుపత్రి వాళ్లను నేను తిట్టని తిట్టు లేదు.

తిట్టాల్సింది వాళ్లను కాదని ఒక సోమవారం తెలిసింది. ఆ రోజు ఇద్దరం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లాం. గుమాస్తా రిజిస్టరు తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టాడు.

"పోయిన నెల తొమ్మిదికి రమ్మన్నాం కదా. మీ ఇంటాయనే వద్దన్నాడు. డ్యూటీ ఉంది, తర్వాత చూద్దామన్నాడు."

మా ఇంట్లో ఆయనంటూ ఎవరూ లేరు. ఉన్నది మేమిద్దరమే. పక్కన రాసి ఉన్న నంబరు డిపోది. పేరు మళ్లీ జాబితా అడుక్కి పోయిందట, ఇంకో మూడు నెలలట.

ఒళ్లు మండిపోయింది నాకు. అట్నుంచి అటే డిపోకి వెళ్లాం. కంట్రోలర్ టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. అడిగితే దాచను కూడా దాచలేదు. ఆ వారం ముగ్గురు సెలవులో ఉన్నారట, అక్క కూడా పోతే బండి ఆగిపోయేదట. తొందరేం లేదని డాక్టరు చెప్పినట్టు అక్కే అన్నదట. చెబితే ఊరికే మనసు పాడుచేసుకుంటుందని చెప్పలేదట. రోజూ ఆ కిటికీలోంచి రాలేదమ్మా అన్నది ఈ నోరే.

"నా కూతురైనా ఇదే చేసేవాణ్ణి," అన్నాడు పెద్దరికంగా.

ఆయన కూతురి మీద జాలేసింది. నేను గొంతు చించుకుని అరిచాను. డ్రైవర్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అక్క మాత్రం అరవలేదు. బల్ల మీది ల్యాండ్‌ఫోన్ ఆయన ముందుకు జరిపింది.

"ఆసుపత్రికి చెయ్యండి సార్. మీరు నాకేమీ కారని చెప్పండి. నన్ను అడక్కుండానే వద్దన్నారని చెప్పండి."

అంతమంది చూస్తుంటే చెయ్యక ఏం చేస్తాడు. మాటలు నములుతూ చెప్పాడు. అక్క గట్టిగా చెప్పమంది, మళ్లీ చెప్పాడు. అవతల గుమాస్తా ఆగమని, ఎవరినో అడిగొచ్చాడు. గురువారం ఒకరు రావడం లేదట, ఆ చోటు ఇవ్వగలడట, బుధవారం పొద్దున్నే వచ్చి చేరాలట. వస్తారా అని అడిగాడు. ఆ గొంతు మాకందరికీ వినిపిస్తూనే ఉంది.

నమ్మండి, ఆ పెద్దమనిషి చెయ్యి అలవాటుగా డ్యూటీ చార్టు మీదికి పోయింది. బుధవారం గడిలో ఎవరున్నారా అని వేలితో వెతుకుతున్నాడు.

అక్క రిసీవరు లాక్కుని, "వస్తాను," అంది.

పెట్టేసి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఐదు నెలల్లో వస్తారా అన్న ఆ ఒక్క ముక్క ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు కూడా ఆయన్నే అడిగారు.